రాత్రిపూట గుట్ట వైపు నుంచి గోలీ జారినట్టు చప్పుడు, ఇది ఏ పిట్ట?

గుట్ట కింది ఇల్లు
మార్చి 3, రాత్రి 11:48

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇదే నా మొదటి పోస్టు. మేము హన్మకొండ దాటి హసన్‌పర్తి వైపు వెళ్లే దారిలో, కొత్తగా వేసిన ఒక వెంచర్‌లో ఉంటాం. ఇంటి వెనక రెండు ఖాళీ ప్లాట్లు, వాటి వెనక తుమ్మచెట్లు, రేగు పొదలు, ఆ వెనక రాళ్ల గుట్ట.

పది రోజుల నుంచి పొద్దు గూకి చీకటి పడగానే ఒక చప్పుడు మొదలవుతోంది. బండల నేల మీద ఎవరో గోలీ జారవిడిచినట్టు ఉంటుంది. మొదట టక్, టక్ అని విడివిడిగా, తర్వాత దగ్గరదగ్గరగా, చివరికి టర్ర్ అని కలిసిపోయి ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ అదే. తెల్లవారుజామున ఐదు కాకముందు కూడా వినిపిస్తుంది. పిట్ట మాత్రం ఒక్కసారీ కనబడలేదు. అసలు పిట్టేనా అన్నది కూడా తెలియదు.

ఎందుకు అడుగుతున్నానంటే, మా మామయ్యకు జనవరిలో గుండె ఆపరేషన్ అయింది. ఇప్పుడు బాగానే ఉన్నారు. కానీ అత్తమ్మ ఈ చప్పుడు విన్నప్పటి నుంచి నిద్రపోవడం లేదు. "తీతువు ఏడుస్తున్నది బిడ్డా, ఇంటికి మంచిది కాదు" అంటూ కిటికీలన్నీ మూసి, మామయ్య మంచం పక్కనే కూర్చుంటోంది. నిన్న రాత్రి ఆమె చేతులు వణకడం చూశాను. అదేమిటో తెలిస్తే ఆమెకు చెప్పగలుగుతాను. దయచేసి సాయం చేయండి.

పాకాల బాటసారి
మార్చి 4, ఉదయం 6:15

చెల్లెమ్మా, ముందుగా అత్తమ్మగారికి ఒక మాట చెప్పండి. మీరు రాసినదాన్ని బట్టి అది తీతువు కానే కాదు. తీతువు గొంతు సన్నగా, పదునుగా, గాబరాగా ఉంటుంది. టిట్-టి-టీ-టిట్ అని అరుస్తూ పైన చుట్టూ తిరుగుతుంది. టక్ టక్ అనదు.

అసలు తీతువు మీద కూడా భయం అక్కర్లేదు. చెలకల్లో, చెరువు కట్టల పక్కన ఉత్త నేల మీదే గుడ్లు పెడుతుంది. రాత్రి ఏ కుక్కో, నక్కో, మనిషో అటు వస్తే గుడ్ల కోసం గోల చేస్తుంది. ఆకాశం మీద పడకుండా కాళ్లు పైకెత్తి పడుకుంటుందని చెప్పుకునే పిట్ట ఇదే. తన పిల్లల కోసం అరుస్తున్న తల్లిని మనం చావు కబురుగా వింటున్నాం.

ఇక మీ పిట్ట సంగతి. ఈ ఐదు చూసి చెప్పండి: ఒక్కో విడతలో ఎన్ని టక్కులు? చప్పుడు నేల మీది నుంచి వస్తోందా, చెట్టు మీది నుంచా? రోజూ ఒకే చోటా? రెండు విడతల మధ్య ఎంతసేపు ఆగుతోంది? వేగం చివర పెరుగుతోందా, మొదటి నుంచీ ఒకేలా ఉందా? కంటికి కనబడని పిట్టను పట్టుకోవాలంటే గొంతు ఎంత తీయగా ఉందన్నది కాదు, ఈ లెక్కలే పనికొస్తాయి.

మంచిర్యాల టీచర్
మార్చి 4, ఉదయం 9:02

కంసాలి పిట్ట అయి ఉంటుందా? మా బడి ముందు రావిచెట్టు మీద ఎండాకాలం అంతా టుక్ టుక్ టుక్ అని రాగి బిందె మీద సుత్తితో కొట్టినట్టు కూస్తుంది. పిల్లలు దానికి తాళం వేస్తారు.

పాకాల బాటసారి
మార్చి 4, ఉదయం 9:40

మంచి పోలికే సార్, కానీ రెండు చోట్ల కుదరదు. కంసాలి పిట్ట పగలే కూస్తుంది, చీకటి పడితే ఆపేస్తుంది. పైగా దాని టుక్ టుక్ నిమిషానికి వంద దాటినా గడియారంలా ఒకే వేగంతో సాగుతుంది. గోలీలా వేగం పెంచుకుంటూ పోయి ఆగిపోదు.

గుట్ట కింది ఇల్లు
మార్చి 5, రాత్రి 10:20

అన్నా, నేనూ మా ఆయనా డాబా మీద కూర్చుని లెక్కపెట్టాం. 7 గంటల లోపే మొదలైంది. ఒక్కో విడతలో టక్కులు నాలుగు నుంచి ఏడు, చివర ఆ టర్ర్ కలిసిపోవడం. ప్రతిసారీ చివరికి వేగం పెరుగుతోంది. విడత మొత్తం రెండు మూడు సెకన్లు మించదు. మధ్యలో ఒక్కోసారి ఐదు సెకన్లు, ఒక్కోసారి నిమిషం. నేల మీదా చెట్టు మీదా అన్నది తేల్చలేకపోయాం. కిందికి దిగితే కిటికీ పక్కనే ఉన్నట్టుంది, డాబా ఎక్కితే గుట్ట మీద ఉన్నట్టుంది. అత్తమ్మ భయం కూడా అదే, "ఇంట్లనే తిరుగుతున్నది" అని.

సౌండ్ కాజీపేట
మార్చి 5, రాత్రి 11:05

అది ఇంట్లోకి రాలేదు మేడమ్, భౌతికశాస్త్రం చేస్తున్న పని. పగలంతా కాలిన నేల రాత్రి త్వరగా చల్లబడుతుంది, దానికి ఆనుకుని ఉన్న గాలి కూడా చల్లబడుతుంది, పైన గాలి వెచ్చగా ఉంటుంది. అప్పుడు శబ్దం పైకి చెదిరిపోకుండా కిందికి వంగి నేల వెంట చాలా దూరం వస్తుంది. దానికి తోడు గాలి ఉండదు, బండ్ల రొద ఉండదు. రెండు వందల అడుగుల అవతలి చప్పుడు పక్కనే ఉన్నట్టు వినబడటం అందుకే. మీ గుట్ట రాళ్ల నుంచి ప్రతిధ్వని కూడా తోడవుతుంది. పిట్ట తల అటూ ఇటూ తిప్పుతూ కూసినా జరుగుతున్నట్టే అనిపిస్తుంది.

జాగా పట్టాలంటే ఒక ఉపాయం ఉంది. డాబా మీద ఒకరు, రోడ్డు చివర ఒకరు నిలబడండి. రెండు చేతులూ చెవుల వెనక దొప్పల్లా పెట్టుకుని మెల్లగా తల తిప్పితే ఒక దిక్కున చప్పుడు గట్టిగా వినబడుతుంది. ఫోన్‌లో కంపాస్ తెరిచి ఇద్దరూ ఆ దిక్కు డిగ్రీలు రాసుకోండి. మ్యాప్ మీద రెండు గీతలు గీస్తే అవి కలిసే చోట మీ పిట్ట ఉంటుంది. సన్నని ఈల అయితే ఈ పద్ధతి కష్టం. ఇలాంటి తెగిన టక్కులకు మాత్రం మన చెవులు దిక్కును బాగా పడతాయి.

రికార్డింగ్ కూడా పెట్టండి. కూలర్, ఫ్యాన్ ఆపేయండి. ఫోన్ చేతిలో కదపకుండా పిట్టగోడ మీద చిన్న బట్ట వేసి, మైకు ఉన్న కింది అంచు గుట్ట వైపు పెట్టండి. వేవ్ (WAV, శబ్దాన్ని నొక్కేయకుండా దాచే) ఫార్మాట్ ఉంటే అదే ఎంచుకోండి. కనీసం రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు. చివర్లో మీ గొంతుతో తేదీ, టైము, చోటు చెప్పండి. తర్వాత వాట్సాప్‌లో ఆడియోగా పంపకండి, అది నొక్కేసి పంపుతుంది. ఫైల్‌ను డాక్యుమెంట్‌గా పంపండి.

మేకల కాపరి మనవడు
మార్చి 6, ఉదయం 5:50

మీ పోస్టు చదువుతుంటే మా తాత గుర్తొచ్చాడు. మాది జనగామ దగ్గర ఊరు, ఇప్పుడు పని మీద కరీంనగర్‌లో ఉంటున్నా. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో తాతతో పాటు మేకల వెంట పోయేవాణ్ని. ఒకరోజు మాపటేళ పరుపు బండల మధ్య నడుస్తుంటే నా కాలి ముందు రాయే ఎగిరినట్టు ఒక పిట్ట లేచింది. రెక్క చప్పుడు లేదు. పది అడుగులు పోయి వాలింది, వాలగానే మళ్లీ కనబడలేదు. ఎండుటాకులూ మట్టీ కలిపి చేసినట్టుంది దాని ఒళ్లు. అది లేచిన చోట గూడు లేదు, పుల్ల కూడా లేదు. వట్టి నేల మీద రెండు గుడ్లు, గులాబీ తిరిగిన మట్టి రంగు, మీద మచ్చలు. తాత నా చెయ్యి పట్టి వెనక్కి లాగి మేకలను వేరే దారిన మళ్లించాడు. "అడుగు జూసి ఎయ్యిరా, ఆమె ఇంట్ల ఉన్నం మనం" అన్నాడు.

ఆ రాత్రి దొడ్డి దగ్గర పడుకుంటే సరిగ్గా మీరు రాసిన చప్పుడే. తాత దానికి పేరు పెట్టి పిలవలేదు, "బాట మీద కూసునే పిట్ట" అనేవాడు. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, దాన్ని నైట్‌జార్ అంటారని. అక్కా, మీది అదే అని నాకు గట్టిగా అనిపిస్తోంది.

రామప్ప గట్టు
మార్చి 6, మధ్యాహ్నం 1:30

నైట్‌జార్ వరకు నేనూ ఒప్పుకుంటాను. కానీ నైట్‌జార్‌లలో ఏది? మా పాలంపేట వైపు అడవి అంచున నేను విన్నది జెర్డాన్ నైట్‌జార్. అది కూడా కొట్టినట్టే కూస్తుంది. తొందరపడి పేరు పెట్టేయొద్దు. పైగా అడవి పగిడికంటి అనే చిన్న గుడ్లగూబ కూత కూడా మెల్లగా మొదలై వేగం పెరుగుతుంది, దాన్ని ఎందుకు పక్కన పెట్టాలి?

పాకాల బాటసారి
మార్చి 6, సాయంత్రం 4:10

మంచి ప్రశ్న, ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగాల్సిందే. నా కారణాలు చెబుతాను.

అడవి పగిడికంటిది గుటుకు గుటుకుమని దొర్లే గొంతు. రాయి మీద రాయి తగిలినట్టు ఉండదు, బుడగలా గుండ్రంగా ఉంటుంది. పెరిగి, పెరిగి, మళ్లీ తగ్గుతూ పోతుంది. చెట్టు మీది నుంచి వస్తుంది.

జెర్డాన్‌ది చ్-వో-వో అన్నట్టు ఒకే పొడవున్న ముక్కలు. ఒక్కోసారి ముందు కప్ప బెకబెకలాంటిది కలుస్తుంది. చెట్లు దట్టంగా ఉన్న అడవి దానికి కావాలి. సవానా నైట్‌జార్ అయితే చీకటి పడే వేళ ఎగురుతూ చ్వీఫ్ అని ఒక్క పదునైన ముక్క విసురుతుంది, పట్నాల మీద కూడా. జంగిల్ నైట్‌జార్ చక్ చక్ చక్ అని ఒకే తాళంలో కొడుతుంది. మన దగ్గరి నైట్‌జార్‌లలో గోలీ జారినట్టు వేగం పెంచుకుంటూ ఆగిపోయేది ఇండియన్ నైట్‌జార్ ఒక్కటే. రాళ్ల గుట్ట, తుమ్మ కంపలు, బీడు భూమి, ఇవన్నీ దానికి నచ్చిన చోట్లే. అయినా మీరన్నట్టు రికార్డింగ్ వచ్చేదాకా ఆగుదాం.

ములుగు నర్సు
మార్చి 6, రాత్రి 9:15

నేను నైట్ డ్యూటీలు చేసేదాన్ని, అందుకే ఈ భయం నాకు దగ్గరగా తెలుసు. మా క్వార్టర్స్ వెనక మామిడి తోటలో ఒకటి వణికే గొంతుతో చు-హువా-ఆఆ అని అరిచేది. ఎవరో పిచ్చిగా నవ్వి ఏడ్చినట్టు ఉండేది. వార్డులో పేషెంట్ల తాలూకు మనుషులు దేవుడి పేర్లు తలుచుకునేవారు. ఆరు నెలల తర్వాత ఒక ఫారెస్టు ఉద్యోగి చెప్పారు, అది మాటిల్డ్ వుడ్ ఔల్ అనే పెద్ద గుడ్లగూబ, జంటగా ఉండి ఒకదాన్ని ఒకటి పిలుచుకుంటాయని. ఆ రోజు నుంచి డ్యూటీలో అది అరిస్తే నాకు తోడు ఉన్నట్టే అనిపించేది. మీ అత్తమ్మగారితో ఈ మాట చెప్పండి చెల్లీ. ఆపరేషన్ అయినవాళ్లు ఉన్న ఇంట్లో ఆమె నిద్ర కూడా ముఖ్యమే. కిటికీలు మూసేస్తే మామయ్యగారికి గాలి ఆడదు.

గుట్ట కింది ఇల్లు
మార్చి 9, రాత్రి 10:55

మొదటి రికార్డింగ్ పాడైంది, పక్కింటి బోరు మోటారు శబ్దమే నిండిపోయింది. దాన్ని కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్‌లో పెడితే ఒక్క పేరూ చూపలేదు. ఈరోజు సాయంత్రం మోటారు ఆగాక మళ్లీ చేశాం, ఫైల్ పైన పెట్టాను. ఈసారి యాప్ ఇండియన్ నైట్‌జార్ అని చూపింది.

కంపాస్ పద్ధతి కూడా చేశాం. మా ఆయన డాబా మీద, నేను రోడ్డు చివర కరెంటు స్తంభం దగ్గర. గీతలు గీస్తే రెండో ఖాళీ ప్లాట్‌లో హద్దు రాయి దగ్గర కలిశాయి. మా గోడకు వంద అడుగులు కూడా లేదు! టార్చ్ వేసుకుని వెళ్లి చూడమంటారా?

సౌండ్ కాజీపేట
మార్చి 9, రాత్రి 11:30

ఫైల్ చాలా బాగా వచ్చింది. నేను దాన్ని స్పెక్ట్రోగ్రామ్‌గా మార్చి చూశాను, అంటే శబ్దాన్ని బొమ్మగా. అడ్డంగా కాలం, నిలువుగా స్వరం ఎత్తు. మీ ప్రతి టక్కు ఒక నిలువు గీతగా పడింది. మొదటి గీతల మధ్య ఖాళీ ఎక్కువ, పోనుపోను తగ్గి చివరికి గీతలు ఒకదానికొకటి అంటుకున్నాయి. మెట్లు దగ్గరపడుతూ పోయినట్టు ఉంది. అడుగున అడ్డంగా సాగిన మందపాటి పట్టీ దూరాన లారీల రొద, పైన సన్నని పట్టీ కీచురాళ్లు. యాప్ చేసేది కూడా ఇదే, బొమ్మను చూసి పోల్చడం. అందుకే మోటారు రొద పడితే దానికి ఏమీ తోచలేదు.

అయితే యాప్ చెప్పిందని అక్కడితో ఆపకండి. జెనో-కాంటో అనే వెబ్‌సైట్‌లో ప్రపంచంలోని పిట్టల కూతలు ఎవరైనా ఉచితంగా వినొచ్చు, 2005 నుంచి నడుస్తోంది. అందులో ఇండియన్ నైట్‌జార్‌వి నాలుగైదు, జెర్డాన్‌వి నాలుగైదు వినండి. మీ చెవితో మీరే తేల్చుకోండి.

రామప్ప గట్టు
మార్చి 10, ఉదయం 7:20

రికార్డింగ్ మూడుసార్లు విన్నాను. ఇండియన్ నైట్‌జారే. ఆ చివరి టర్ర్ జెర్డాన్‌లో ఉండదు. నా అనుమానం తీరింది.

మేకల కాపరి మనవడు
మార్చి 10, ఉదయం 8:00

అక్కా, టార్చ్ వేసుకుని వెళ్లకండి. దయచేసి. కూత మొదలైందంటే గుడ్లు పెట్టే కాలం కూడా దగ్గరపడిందన్నమాట. గూడు ఉండదు కాబట్టి గుడ్లు మీ చెప్పు కిందికి వచ్చేదాకా కనబడవు. ఫోన్‌లో దాని కూత గట్టిగా పెట్టి పిలవడం కూడా వద్దు. వేరే మగపిట్ట తన జాగాలోకి వచ్చిందనుకుని ఆగమవుతుంది.

చూడాలనే ఉంటే డాబా మీది నుంచే ఒక్కసారి లైటు అటు తిప్పి ఆపేయండి. కళ్లు నిప్పురవ్వల్లా ఎర్రగా మెరుస్తాయి. అంతే చాలు.

మంచిర్యాల టీచర్
మార్చి 10, రాత్రి 8:45

ఈ చర్చ చదివి నేను కూడా కొంత తెలుసుకున్నాను, ఇక్కడ చెప్పాలనిపించింది. దీని శాస్త్రీయ నామం కాప్రిముల్గస్ ఆసియాటికస్. లాటిన్‌లో కాప్రిముల్గస్ అంటే మేకల పాలు పిండేది! పాతకాలంలో యూరప్ వాళ్లు ఈ జాతి పిట్ట రాత్రి దొడ్లోకి వచ్చి మేకల పాలు తాగుతుందని, అలా తాగిన మేకకు కళ్లు పోతాయని నమ్మేవారట. నిజానికి అది మందల చుట్టూ ముసిరే పురుగుల కోసం వస్తుంది. అంటే రాత్రి పిట్టను చూసి భయపడటం మన అత్తమ్మలదే కాదు, అందరిదీ. మేకల కాపరి మనవడుగారి తాతకు మాత్రం ఆ భయం లేదు, ఎందుకంటే ఆయన దాన్ని దగ్గరగా చూశాడు.

ఇంకో సంగతి. పక్షిశాస్త్రంలో పిట్టా అని ఒక జాతి పేరే ఉంది, అది మన తెలుగు మాట పిట్ట నుంచి వెళ్లింది. పొన్నంగి పిట్ట, అంటే ఇండియన్ పిట్టా, ఆ జాతిదే. అది కూడా పొదల్లో దాక్కుని పొద్దున, సాయంత్రం ఈల వేస్తుంది తప్ప కనబడదు. తమిళంలో ఆరుమణి కురువి అంటారు, ఆరు గంటల పిట్ట అని. ఈ మాట చెబితే మా పిల్లలు ఎంత సంబరపడ్డారో!

పాకాల బాటసారి
మార్చి 10, రాత్రి 9:30

సార్, కనబడకుండా వినబడే పిట్టల మాట వచ్చింది కాబట్టి కలివికోడిని తలుచుకోకుండా ఉండలేను. కడప జిల్లా లంకమలలో ఉండే ఆ పిట్ట అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో మళ్లీ దొరికింది. ఆ తర్వాత పరిశోధకులు దాని కూత రికార్డు చేసి, పొద్దుగూకే వేళ పొదల్లో వినిపించి, జవాబు వస్తుందా అని వెతికారు. కంటితో వెతికితే దొరకని పిట్టకు చెవే ఆధారం. అందుకే ఎవరి దగ్గర ఏ కూత రికార్డింగ్ ఉన్నా చెరపకండి, చోటు, తేదీ రాసి, పిట్టల వివరాలు అందరూ నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెట్టండి. మన గుట్టల మీద ఏ పిట్టలు ఉండేవో రేపటి వాళ్లకు తెలిసేది దాంతోనే. ఓరుగల్లు చుట్టూ గుట్టలు క్వారీలకూ వెంచర్లకూ ఎంత త్వరగా పోతున్నాయో మనందరం చూస్తున్నాం.

గుట్ట కింది ఇల్లు
మార్చి 15, ఉదయం 6:40

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. హోలీ పున్నమి రాత్రి జరిగింది చెప్పాలి.

వెన్నెల పట్టపగల్లా ఉంది. పిట్ట ఆపకుండా కూసింది, వెన్నెల రాత్రుల్లో ఎక్కువ కూస్తుందని మీరు చెప్పకపోయినా అర్థమైంది. ఫోన్‌లో మా రికార్డింగ్ తెరిచి అత్తమ్మ చెవి దగ్గర పెట్టాను. తర్వాత తీతువుది వినిపించాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "రెండు ఒక్కటి గాదు" అంది చివరికి. నేను తాత, మేకలు, రెండు గుడ్ల సంగతి చెప్పాను. "వట్టి నేల మీదనా? కుక్కలొస్తయి గదా" అంది. అప్పుడే లేచి పోయి గుట్ట వైపు కిటికీ తెరిచింది. పదకొండు దాటేసరికి నిద్రపోయింది. ఇరవై రోజుల్లో మొదటిసారి ఆమె గురక విన్నాను.

మా ఆయన డాబా మీది నుంచి ఒక్కసారి లైటు తిప్పారు. హద్దు రాయి పక్కన ఎర్రటి చుక్క ఒకటి మెరిసి పోయింది. పిట్టను మాత్రం ఇంకా చూడలేదు.

ఆ ప్లాటు యజమానికి ఫోన్ చేశాం. ఉగాది తర్వాత జేసీబీతో చదును చేయిస్తాడట. పిల్లలు ఎగిరేదాకా ఆగమని అడిగాం. వానాకాలం దాకా తొందరేమీ లేదు, చూద్దాం అన్నాడు. అత్తమ్మ రోజూ సాయంత్రం ఆ ప్లాటు అంచున నిలబడి కుక్కలను అదిలిస్తోంది.

ఇప్పుడు ఆమెదే ఒక ప్రశ్న. నిన్నా ఈరోజూ తెల్లవారకముందు దూరంగా మామిడి చెట్ల వైపు ఇంకోటి కూస్తోంది. ఒకే మాట మళ్లీ మళ్లీ అంటూ, ప్రతిసారీ ఇంకొంచెం పైకి వెళ్లి, గొంతు చినిగిపోతుందేమో అన్నంతలో ఆగిపోతోంది. ఇదేమిటో అడగమంది.

పాకాల బాటసారి
మార్చి 15, ఉదయం 7:05

అత్తమ్మగారికి నా నమస్కారం చెప్పండి. ఒక్కో మాటలో స్వరాలు మూడా, నాలుగా? మూడై, పైపైకి పోతుంటే కామన్ హాక్-కుకూ, హిందీలో పపీహా అనేది. నాలుగై, ఒకే ఎత్తులో ఉంటే ఇండియన్ కుకూ. రేపు తెల్లవారుజామున ఆమెనే లెక్కపెట్టమనండి.